సగం దాటని వరుస

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మా పత్రిక ప్రధాన డెస్కు నుంచి నగర తూర్పు జోన్ పేజీలకు ఇన్‌ఛార్జిగా మార్చారు. నా హోదా చీఫ్ సబ్ ఎడిటర్. చేతి కింద నలుగురు సబ్ ఎడిటర్లు ఉండేవారు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్, లాలాపేట్ ప్రాంతాల వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు ఆరుగురు. కంట్రిబ్యూటర్‌కు పత్రిక గుర్తింపు కార్డు ఉంటుంది, ఉద్యోగం ఉండదు. రోడ్డు మీద తిట్లు అతనివి, అచ్చులో పేరు డెస్కుది.

జోన్ పేజీల పని ప్రధాన పత్రిక పని కంటే వేరు. అవి ముందు అచ్చవుతాయి గనుక సాయంత్రం ఏడున్నరకల్లా పేజీలు వదలాలి. వదలడమంటే ఇక ముట్టుకోకుండా ప్రెస్సుకు పంపేయడం. ఏడు గంటలకు ఏ వర్ధంతి ప్రకటనో వచ్చి పడితే, దానికి చోటివ్వడానికి వార్తల్ని కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన, తక్కువైనది కింద ఉంటుందన్న నమ్మకంతో కోస్తాం. ముప్పై ఏళ్లలో నేను కోసిన పేరాలు పేరిస్తే నాచారం నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా వస్తాయని మా డెస్కులో ఒక పరిహాసం ఉండేది.

ఇక నేను చెప్పదలచింది ఒక ఇంగ్లిష్ మాట గురించి. మెజారిటీ. మా పత్రికలో కొత్తగా చేరినవారికి ఏటా కొన్ని తరగతులు చెప్పేవాణ్ణి. అందులో ఈ మాటకు అరగంట కేటాయించేవాణ్ణి. మెజారిటీ అంటే సగానికి మించిన భాగం. వందమందిలో యాభై ఒక్కరు మెజారిటీ. అదే వందమంది నలభై, ముప్పై ఐదు, ఇరవై ఐదుగా చీలితే నలభై అందరికంటే పెద్ద గుంపే అవుతుంది కానీ మెజారిటీ కాదు. లెక్కపెట్టగలిగిన వాటికే ఆ మాట వాడాలి. చెరువులో మెజారిటీ నీళ్లు ఎండిపోయాయని రాయకూడదు. ఒకటి ఎక్కువైనా మెజారిటీయే గనుక, దాన్ని చాలా ఎక్కువ అన్న అర్థంలో ఊదరగొట్టకూడదు. ఇవన్నీ బోర్డు మీద అంకెలేసి చెప్పేవాణ్ణి.

చిక్కు ఎక్కడంటే, సగానికి తక్కువైనా మిగతా అన్నింటికంటే పెద్దదైన భాగానికి ఇంగ్లిష్‌లో ప్లూరాలిటీ అని విడిగా ఒక మాట ఉంది. తెలుగులో మనం వాడుకలో పెట్టుకున్న ఒక్క మాట లేదు. 'అందరికంటే ఎక్కువ, కానీ సగం కాదు' అని విడమర్చి చెప్పుకోవాలి. సింగిల్ కాలమ్ శీర్షికలో అంత చోటు ఉండదు. అందుకని తెలుగు డెస్కులు ఆ చోట కూడా మెజారిటీ అనే వేసేస్తాయి. కొత్తవాళ్లు అలా వేస్తే నేను ఎర్ర పెన్నుతో చుట్టేవాణ్ణి. రోజూ ఉదయం అచ్చయిన పేజీల మీద తప్పులు గుర్తించి గోడకు తగిలించడం నా బాధ్యత. ఆ గోడను కుర్రవాళ్లు పోస్టుమార్టం గది అనేవారు.

ఆ ఏడాది జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలో మందుసీసాలకు మూతలు తయారుచేసే ఒక కంపెనీ తన యూనిట్‌ను చౌటుప్పల్ దాటాక కొన్న స్థలానికి తరలించాలని నిర్ణయించింది. పనివాళ్లు రెండువందల పన్నెండు మంది, ఎక్కువగా ఆడవాళ్లు. పల్లెల నుంచి వచ్చి నాచారం, మల్లాపూర్ బస్తీల్లో స్థిరపడి, కంపెనీకి నడిచి వెళ్లేంత దూరంలో ఇళ్లు అద్దెకు తీసుకున్నవాళ్లు. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. కంపెనీ బస్సులో రోజూ చౌటుప్పల్ వెళ్లిరావడం ఒకటి. లెక్క తేల్చుకుని మానేయడం ఒకటి. ప్యాకింగ్ విభాగాన్నయినా ఇక్కడే ఉంచాలని పట్టుబట్టి కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లడం మూడోది.

ఆ కంపెనీ కార్మిక సంఘానికి ఒక ఆనవాయితీ ఉండేది. పెద్ద విషయాల్లో చేతులెత్తించరు, చీటీలు వేయించరు. ఒక్కో అభిప్రాయానికి ఒక్కో వరుస చొప్పున కాంపౌండు గోడ వెంట నిలబడాలి. కమిటీవాళ్లు చివరి నుంచి మొదటిదాకా నడుస్తూ లెక్కపెడతారు. ఒక వరుస మొత్తం పనివాళ్లలో సగం దాటితే అది సంఘం నిర్ణయం. ఏదీ దాటకపోతే అన్నిటికంటే పొట్టి వరుసను తీసేసి, నాలుగు రోజులు గడువిచ్చి, మిగిలిన రెండిటి మధ్య మళ్లీ నిలబడతారు. రెండోసారి సగం మందయినా రాకపోతే వరుసలు కట్టరు, సంఘం నిర్ణయమంటూ ఏదీ ఉండదు. మొహమాటం లేకుండా ఎవరెటో అందరికీ కనిపిస్తుందని పాతవాళ్లు పెట్టిన పద్ధతట.

ఒక ఆదివారం ఉదయం సెలవురోజున అలా నిలబడ్డారు. బస్సు వరుసలో తొంభై ఒక్కరు, ఇక్కడే ఉండాలన్న వరుసలో డెబ్భై ఎనిమిది, మానేస్తామన్న వరుసలో నలభై ముగ్గురు. ఏదీ సగం కాలేదు. గురువారం మళ్లీ నిలబడాలని సంఘం ప్రకటించింది.

ఆ వార్త పంపినవాడు శ్రీశైలం, మా నాచారం కంట్రిబ్యూటర్. అప్పటికి ముప్పై ఐదేళ్లవాడు. వరుసల పక్కన తానూ నడిచి లెక్కపెట్టి మరీ రాశాడు. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. అతను రాసి పంపే కాపీలో మాటల్ని నా అలవాటు ప్రకారం దిద్దేవాణ్ణి. ఇక్కడివాళ్లు చెప్పినట్టే అతను రాస్తే, నాకు తెలిసిన తెలుగులోకి మార్చేవాణ్ణి. అది భాషను బాగుచేయడమనే అప్పుడు అనుకున్నాను. అతని కాపీ గోడ వెంట పొద్దున ఏడింటికి ఎవరు ముందు వచ్చారో చెప్పడంతో మొదలై, మూడు అభిప్రాయాలూ చెప్పి, చివరి పేరాలో అంకెలతో ముగిసింది. ఆఖరి రెండు వాక్యాలు: ఏ వరుసా సగం దాటలేదు, గురువారం మళ్లీ నిలబడతారు.

ఏడు గంటల పది నిమిషాలకు ఒక ప్రకటన వచ్చింది. డబుల్ కాలమ్ వార్తను సింగిల్ కాలమ్ చేయవలసి వచ్చింది. నేనే కూర్చున్నాను. కింది నుంచి కోశాను. అంకెల పేరా పోయింది. వార్త మొదట్లో 'మెజారిటీ కార్మికులు బస్సులో వెళ్లేందుకు మొగ్గుచూపారు' అని రాసి, శీర్షిక 'తరలింపునకే మెజారిటీ' అని పెట్టాను. రెండు మాటలు, చక్కగా ఇమిడాయి. కోసే ముందు అంకెల్ని చూశాను. తొంభై ఒకటి అన్నిటికంటే పెద్దదని గుర్తుంది. రెండువందల పన్నెండులో సగమెంతో వేసుకోలేదు. బోర్డు మీద ఏళ్లతరబడి వేసిన లెక్కను ఆ పది నిమిషాల్లో వేసుకోలేదు.

సోమవారం ఉదయం ఆ పేజీ మీద ఎర్ర పెన్ను పట్టుకుని మూడు తప్పులు గుర్తించాను. రెండు అక్షరదోషాలు, ఒక ఫొటో కింద పేర్ల తారుమారు. ఆ శీర్షిక మీదుగా నా కన్ను వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు శ్రీశైలం ఫోన్ చేశాడు.

"సార్, నేను మేకను పంపితే మీరు కోడిని అచ్చేసిన్రు."

అతని పరిహాసాలు నాకు అలవాటే. తోక ఒక్కటే కోశాం, మేక మేకలాగే ఉంది కదా అన్నాను.

"తోక గాదు సార్. తలకాయను తీస్కపోయి తోక దిక్కు వెట్టిన, గది నా తప్పే. గని సగం కాలే గద. కంపెనోళ్లు మన పేపర్ కోసి నోటీసు బోర్డు మీద అంటువెట్టిన్రు. జర రేపు ఒక ముక్క వెయ్యిన్రి."

నిజానికి ఆ నిమిషమే నాకు తప్పు అర్థమైంది. కానీ సవరణ వేయడానికి మా పత్రికలో ఒక పద్ధతి ఉంది. వార్తకు సంబంధించిన పక్షం రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దానికి డెస్కు ఇన్‌ఛార్జి సంజాయిషీ జతచేసి ఎడిషన్ ఇన్‌ఛార్జికి పంపాలి. ఆయన సంతకం చేస్తే మర్నాడు చిన్న పెట్టెలో వేస్తాం. సంజాయిషీ నేను నా మీద నేనే రాసుకోవాలి. జోన్‌కు వచ్చి రెండు నెలలు కాలేదు. అందుచేత శ్రీశైలంతో అన్నాను, అన్నిటికంటే ఎక్కువమంది అటే నిలబడ్డారు కాబట్టి వార్త తప్పేమీ కాదు, సంఘానికి అభ్యంతరముంటే లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మను. అతను, "మీరే గద సార్ క్లాసుల చెప్పిన్రు," అని ఫోన్ పెట్టేశాడు. కంట్రిబ్యూటర్లకు కూడా నేను ఆ తరగతి చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం అతను ఒకావిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పేరు బాలమణి. ప్యాకింగ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది, సంఘం కమిటీలో సభ్యురాలు. సగం పూట సెలవు పెట్టి వచ్చింది. భర్తకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. కంపెనీ వెనక సందులో ఇల్లు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే ఇంటికి వెళ్లి అతనికి తినిపించి, పక్క మార్చి, తిరిగి గంట కొట్టేలోగా వచ్చేస్తుంది. చౌటుప్పల్ బస్సు పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి తిరిగొస్తుంది. ఇవన్నీ ఆవిడ చెప్పలేదు, పక్కనుంచి శ్రీశైలం చెప్పాడు. ఆవిడ అంకెలే మాట్లాడింది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. ఒక్క ముచ్చట జెప్పున్రి. బస్సెక్కి పోతమన్నోళ్లు తొంబై ఒక్కరు. బస్సు వద్దన్నోళ్లు రెండు వరసలు గలిపి నూట ఇరవై ఒక్కరు. గిండ్ల ఎవరెక్కువ?"

ఆ రెండు వరుసల కారణాలు వేరు, ఒకరు మానేస్తామంటున్నారు, ఒకరు ఇక్కడే ఉంటామంటున్నారు, కాబట్టి కలపకూడదని చెప్పాను. పుస్తకం ప్రకారం నేను చెప్పింది నిజమే.

"కారణం ఏదైతేంది సారూ. గదానికే గద మల్ల గురువారం నిలవడేది. మీరు ఆదివారమే అయిపాయె అని రాసిన్రు. సూపర్‌వైజర్లు బస్సుకు ఒప్పుకున్నమని రాసిన కాయితం వట్టుకొని బల్లబల్లకు తిరుగుతున్రు. అందరు ఒప్పుకున్నరు, నువ్వొక్కదానివే ఎనకవడ్డవ్ అంటున్రు. సంతకం వెట్టకుంటే బస్సుల సీటు గుడ దొరకదని బెదిరిస్తున్రు. మీ పేపరే సూపెడుతున్రు."

అప్పుడైనా నేను ఎడిషన్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి ఉండవలసింది. ఆయన నన్ను తినేసేవాడేమీ కాదు. నేను చేసిందల్లా కాగితం, పెన్ను ఇచ్చి ఫిర్యాదు రాయమనడం. ఆవిడ చెబుతుంటే శ్రీశైలం రాశాడు. ఆవిడ కింద సంతకం చేసింది. చదివి, కమిటీ సభ్యురాలి సంతకం సరిపోదు, అధ్యక్షుడు చేయాలన్నాను. అధ్యక్షుడు బంధువుల పెళ్లికని నల్లగొండ వైపు వెళ్లాడు, బుధవారం గానీ రాడు. బాలమణి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్లౌజులో దోపుకుంది. తలుపు దాకా వెళ్లి శ్రీశైలంతో అన్న మాట నాకు వినిపించింది.

"తమ్మీ, తప్పు రాయనీకి ఎవ్వరి సంతకం అడగలే గని, సక్కజేయనీకి అధ్యక్షుని సంతకమే గావాల్నట."

డెస్కులో ఇద్దరు సబ్ ఎడిటర్లు తలలు దించుకుని నవ్వుకున్నారు. నేను పేజీలోకి చూశాను.

అధ్యక్షుడి సంతకంతో ఉత్తరం బుధవారం మధ్యాహ్నం వచ్చింది. సంజాయిషీ రాశాను. 'స్థలాభావం వల్ల' అన్న మాట వాడాను. ఎడిషన్ ఇన్‌ఛార్జి రెండు నిమిషాల్లో సంతకం చేసి, ఇంత చిన్నదానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేస్తే సోమవారమే వేసేవాళ్లం కదా అన్నారు. గురువారం ఏడో పేజీలో, ఒక స్కూలు అడ్మిషన్ల ప్రకటన కింద, సవరణ వచ్చింది. సోమవారం ప్రచురించిన వార్తలో పేర్కొన్నట్టు కాక, ఏ ప్రతిపాదనకూ సగానికి మించి మద్దతు రాలేదని సవరించి చదువుకోగలరు. అంతే. ఏ కంపెనీ, ఏ ప్రతిపాదన అన్నది వెతుక్కుంటే తప్ప తెలియదు.

ఆ మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారే వేళకు, నేను నాచారం వెళ్లాను. డెస్కులో ఉన్నవాడు వార్తాస్థలానికి వెళ్లడం అరుదు. శ్రీశైలం అప్పటికే అక్కడ ఉన్నాడు. గేటు పక్కన గోడ వెంట కమిటీవాళ్లు నిలబడి ఉన్నారు. బస్సు వరుసకు ఒకచోట, ఇక్కడే ఉండాలన్న వరుసకు ఇంకోచోట సుద్దతో గీతలు గీశారు. లోపలినుంచి వచ్చినవాళ్లు చాలామంది గీతల వైపు చూడకుండానే టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళ్లిపోయారు. ఒక పెద్దావిడను బాలమణి పేరుపెట్టి పిలిచి ఆగమంది. ఆవిడ మొన్న మానేస్తామన్న వరుసలో నిలబడినావిడట.

"అయిపాయె గద బాలమణీ. పేపర్ల గుడ వచ్చె. నేను కాయితం మీద ఏలు వెట్టిన."

మానేస్తానన్న మనిషి బస్సుకు ఒప్పుకున్నట్టు ఎందుకు వేలిముద్ర వేసిందని శ్రీశైలం అడిగాడు. అందరూ పోతుంటే తనొక్కతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందని ఆవిడ తిరిగి అడిగింది. బుధవారం సాయంత్రానికి నూట నలభై ఎనిమిది మంది ఆ కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో వేశారని తర్వాత తెలిసింది. గేటు దగ్గర అరగంట గడిచేసరికి మిగిలినవాళ్లు యాభై ఏడుగురు. సగం లేరు గనుక వరుసలు కట్టలేదు. కమిటీలో ఒకతను సుద్దగీతల్ని చెప్పుతో చెరిపేశాడు.

బాలమణి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ పేపర్ల ఇయ్యాల వచ్చిందంట గద సారూ. మా సూపర్‌వైజర్ ఆ పేజీ సదవలే."

క్షమించమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే సందులోకి మళ్లింది. ఇంట్లో భర్తకు అన్నం పెట్టే వేళ దాటిపోయింది.

నెలన్నరలో యంత్రాలు తరలిపోయాయి. మూడు బస్సులు పెట్టారు, ఏడాది తిరిగేసరికి ఒక బస్సే నడిచేది. మిగతావాళ్లు దూరం తట్టుకోలేక ఒక్కొక్కరే మానేశారు. తమంతట తాము మానేసినట్టు రాసిచ్చారు గనుక వాళ్ల తరఫున అడగడానికి సంఘానికి చోటు లేకపోయింది. బాలమణి పదకొండు రోజులు బస్సెక్కింది. ఆ రోజుల్లో భర్తకు మధ్యాహ్నం అన్నం పక్కింటివాళ్లు పెట్టారు. తర్వాత ఆవిడ రామంతాపూర్‌లో ఒక హాస్టల్లో వంటపనికి కుదిరిందని శ్రీశైలం చెప్పాడు. ఒకసారి ఆవిడ ఇంటికి తీసుకెళ్లమని అడిగాను. "పోయి ఏం జేస్తం సార్," అన్నాడు.

శ్రీశైలం మా పత్రికలోనే కొనసాగాడు. నాతో మునుపటి పరిహాసాలు తగ్గాయి. ఆ తర్వాత అతను పంపిన ప్రతి కాపీలో, అది కాలనీ సంఘం ఎన్నికైనా నీళ్ల ట్యాంకర్ల గొడవైనా, మొదటి వాక్యంలోనే అంకెలుండేవి. మొత్తం ఎంతమంది, అందులో ఇటు ఎందరు, అటు ఎందరు. కింది నుంచి ఎంత కోసినా అవి మిగిలేవి. అతని తెలుగును నేను దిద్దడం మానేశాను. ఆ ఏడాది చివర మా డెస్కు వాడుక పట్టికలో ఒక నిబంధన చేర్చాను: మొత్తం సంఖ్య, అనుకూల సంఖ్య రెండూ వార్తలో లేకపోతే మెజారిటీ అన్న మాట రాయరాదు. నేను రిటైరయ్యాక దాన్ని పాటిస్తున్నారో లేదో తెలియదు.

గురువారం అందరూ నిలబడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. నలభై ముగ్గురిలో కొందరు బస్సు వైపే వెళ్లేవారేమో, నా శీర్షిక చివరికి నిజమే అయ్యేదేమో. నన్ను నేను సమర్థించుకోవడానికి ఈ మాట కొన్నాళ్లు వాడుకున్నాను. కానీ ఆ ఫలితం తెలియకుండా పోవడానికి కారణం నేనే. మెజారిటీ ఉందని అచ్చులో చూసినవాళ్లు దాన్ని వెతకడం మానేస్తారు, అందులో కలిసిపోతారు. అంచేత ఆ మాట రాసేవాడికి అర్థం తెలిస్తే చాలదు, రాసే ప్రతిసారీ మొత్తాన్ని రెండుతో భాగించి చూసుకోవాలి. తప్పని తెలిశాక ఎవరి ఉత్తరం కోసమూ ఆగకూడదు. నేను రెండు రోజులు ఆగాను.